లేజర్ చికిత్సలో అసలు మందు సెట్టింగే

కోత లేదు, కుట్లు లేవు, లేజర్‌తో చికిత్స అనే బోర్డు కనిపించని పట్టణం తెలుగునాట ఇప్పుడు అరుదు. మొలలు, ఫిస్టులా, కాళ్లలో ఉబ్బిన సిరలు, కిడ్నీలో రాళ్లు, ముఖం మీద అవాంఛిత రోమాలు, కళ్లజోడు వదిలించుకోవడం, షుగర్ వల్ల దెబ్బతిన్న రెటీనా (కంటి వెనక పొర)... ఇన్నిటికీ ఒకే మాట వాడుతుంటే, లేజర్ అంటే ఒకే రకం మిషన్ అని జనం అనుకోవడం సహజం. దాంతో ఆస్పత్రిలో లేజర్ ఉందా లేదా అన్నదొక్కటే ప్రశ్నగా మిగులుతుంది. కానీ సిరను మూసే లేజర్ కంటిచూపును సరిచేయలేదు. చర్మం మీద మచ్చ తీసే లేజర్ కిడ్నీ రాయిని పగలగొట్టలేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఒకే మిషన్‌లోంచి వచ్చే ఒకే కిరణం, సెట్టింగ్ మారితే వేరే పనిముట్టు అయిపోతుంది. ఒక అంకె దగ్గర కోస్తుంది. తగ్గిస్తే రక్తం ఆపుతుంది. లెక్క తప్పితే పక్కనున్న మంచి కండను కాల్చి త్వరగా మానని పుండు చేస్తుంది.

పారాసిటమాల్ వేసుకోమంటే సరిపోదు, ఎంత, రోజుకు ఎన్నిసార్లు అని కూడా చెప్పాలి. లేజర్ విషయంలో ఆ మోతాదు మిషన్ తెర మీద వాట్లలో (సెకనుకు ఎంత శక్తి), జౌల్స్‌లో (మొత్తం ఎంత శక్తి), మిల్లీసెకన్లలో (సెకనులో వెయ్యో వంతు) ఉంటుంది. చికిత్స బాగా జరిగిందా లేదా అన్నది చాలావరకు ఆ అంకెల మీద, వాటిని మార్చే చేతి మీద ఆధారపడి ఉంటుంది.

ఎండలో భూతద్దం

బడి రోజుల్లో భూతద్దం పట్టుకుని ఎండలో కాగితం కాల్చడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అద్దాన్ని సరైన ఎత్తులో పట్టుకుంటే వెలుగు సూదిమొనంత చుక్కగా మారి కాగితానికి చిల్లు పడుతుంది. కాస్త పైకి లేపితే అదే ఎండ, అదే అద్దం, కాగితం మాత్రం వెచ్చబడుతుందంతే. లేజర్ సర్జరీలో సగం కిటుకు ఇదే.

వెలుగుతో వైద్యం లేజర్ కంటే ముందే మొదలైంది. 1945లో సూర్యగ్రహణాన్ని నేరుగా చూసి రెటీనా కాల్చుకున్నవాళ్లను జర్మనీలో గెర్డ్ మేయర్-ష్విక్కెరాత్ అనే డాక్టర్ గమనించారు. ఎండ రెటీనాను కాల్చి మచ్చ చేస్తున్నప్పుడు, ఊడిపోయే ప్రమాదమున్న రెటీనాను అలాంటి మచ్చతోనే అతికించవచ్చు కదా అని ఆయనకు తట్టింది. మొదట్లో సూర్యకాంతినే అద్దాలతో మళ్లించి రోగి కంట్లోకి పంపారు. మబ్బు పడితే పని ఆగిపోయే వైద్యం అది. తర్వాత జినాన్ దీపాలకు మారారు. 1960 మే నెలలో అమెరికాలో థియోడర్ మైమన్ మొట్టమొదటి రూబీ లేజర్‌ను వెలిగించాక, దాన్ని అందరికంటే ముందు అందుకున్నవాళ్లలో కంటి డాక్టర్లు ఉన్నారు. 1961 డిసెంబర్‌లోనే న్యూయార్క్‌లో ఒక రోగి రెటీనా మీది కణితికి రూబీ లేజర్‌తో చికిత్స చేశారు.

సర్జన్ల చేతికి అసలైన పనిముట్టు మాత్రం 1964లో దొరికింది. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణే ఇంజనీరింగ్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన కుమార్ పటేల్, బెల్ లాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను తయారుచేశారు. అదే ఏడాది అదే ప్రయోగశాలలో నియోడిమియం యాగ్ లేజర్ కూడా పుట్టింది. అరవై ఏళ్లు దాటినా ఆ రెండూ ఇప్పటికీ థియేటర్లలో రోజూ పనిచేస్తున్నాయి. అవి రెండూ శరీరంలో చేసే పనులు మాత్రం ఉత్తర దక్షిణాలు.

ఏ వెలుగును ఏది పీల్చుకుంటుంది

లేజర్ కిరణం శరీరాన్ని తాకినంత మాత్రాన ఏమీ జరగదు. దాన్ని ఏదో ఒకటి పీల్చుకుని వేడెక్కాలి. ఆ పని ముఖ్యంగా మూడు పదార్థాలు చేస్తాయి: నీళ్లు, రక్తానికి ఎర్రరంగు ఇచ్చే హిమోగ్లోబిన్, చర్మానికీ జుట్టుకూ నలుపు ఇచ్చే మెలనిన్. ఎవరికి ఏ వెలుగు ఇష్టమో తరంగదైర్ఘ్యం, అంటే ఆ వెలుగు అల పొడవు, నిర్ణయిస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ లేజర్ తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల్లో ఒక వంతు). నీళ్లు దాన్ని ఎంతగా పీల్చుకుంటాయంటే, మిల్లీమీటరులో వందో వంతు లోతుకు వెళ్లేసరికే చాలా శక్తి ఖర్చయిపోతుంది. మన కండలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి కిరణం పడిన పైపొర ఆవిరైపోతుంది, కింద పొరకు పెద్దగా తెలియదు. స్వరతంతువుల మీద చిన్న బొడిపెను తీయాలంటే ఇంతకంటే నమ్మకమైన కత్తి దొరకడం కష్టం. 1970ల మొదట్లో బోస్టన్‌లో స్టూవర్ట్ స్ట్రాంగ్, గేజా జాకో ఈ లేజర్‌ను మైక్రోస్కోపుకు జోడించి స్వరపేటిక ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఈఎన్‌టీ సర్జన్లు ఇప్పటికీ అదే బాటలో నడుస్తున్నారు.

నియోడిమియం యాగ్ కిరణం 1,064 నానోమీటర్లు. నీళ్లు దీన్ని అంతగా పట్టించుకోవు. అందుకే పైన ఆగకుండా కండలో కొన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగి, అక్కడ విస్తరించి నెమ్మదిగా ఉడికిస్తుంది. రక్తం ఆపడానికి ఇది గొప్ప గుణం. భయపడాల్సింది కూడా ఇక్కడే. పైకి కాస్త తెల్లబడినట్టు మాత్రమే కనిపిస్తుంది, లోపల ఎంత ఉడికిందో కంటికి తెలియదు. పేగు గోడ పల్చగా ఉన్నచోట ఈ తేడా రోగికి ప్రాణాంతకం కావచ్చు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ కిరణాన్నేమో హిమోగ్లోబిన్ బాగా పీల్చుకుంటుంది. కిడ్నీ రాళ్లకు వాడే హోల్మియం కిరణం 2,100 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. నీళ్లలో అది అర మిల్లీమీటరు కూడా దాటదు.

ఈ తరంగదైర్ఘ్యాన్ని మాత్రం సాధారణంగా డాక్టర్ మార్చలేరు. మిషన్ లోపలున్న వాయువునో, స్ఫటికాన్నో బట్టి అది ముందే ఖాయమై ఉంటుంది. నచ్చిన తరంగదైర్ఘ్యాన్ని తిప్పుకోగలిగే లేజర్‌ను వైద్యంలోకి తేవడానికి ఒక పెద్ద ప్రయత్నమే జరిగింది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్‌ను 6,450 నానోమీటర్ల దగ్గర పెడితే, నీళ్లతో పాటు ప్రొటీన్ కూడా ఆ వెలుగును పీల్చుకుని, పక్కన కాలడం బాగా తగ్గుతోందని 1994లో ప్రకటించారు. 1999లో దానితో మెదడు కణితికి ఆపరేషన్ కూడా చేశారు. కానీ దాన్ని నడపాలంటే ఎలక్ట్రాన్లను పరుగెత్తించే భారీ యంత్రాంగమే కావాలి, అందుకే మామూలు ఆస్పత్రుల్లోకి రాలేకపోయింది. ఇప్పుడు కొన్ని డయోడ్ మిషన్లు 980, 1,470 నానోమీటర్ల కిరణాలు రెండూ ఇస్తున్నాయి. ఏది ఎంత పాళ్లలో కలపాలో డాక్టర్ ఎంచుకోవచ్చు. మొదటిది లోతుకు, రెండోది నీళ్లు పీల్చుకునే పైపొరకు.

పది వాట్లు అంటే ఎంత

డాక్టర్ చేతిలో నిజంగా ఉండేవి పవర్, చుక్క సైజు, సమయం. వీటిలో చుక్క సైజుకు ఉన్న బలం చాలామంది ఊహకు అందదు. ఒక చిన్న లెక్క వేస్తే అర్థమవుతుంది.

మిషన్ 10 వాట్ల దగ్గర ఉందనుకుందాం. కిరణాన్ని 0.2 మిల్లీమీటర్ల చుక్కగా కూడదీస్తే, చదరపు సెంటీమీటరుకు దాదాపు 32,000 వాట్ల సాంద్రత వస్తుంది. ఆ దెబ్బకు కండ తెగుతుంది. చేతిలో పట్టుకునే హ్యాండ్‌పీస్‌ను వెనక్కి జరిపి చుక్కను 2 మిల్లీమీటర్లకు పెంచితే సాంద్రత 320 వాట్లకు పడిపోతుంది. అడ్డుకొలత పదింతలైతే తీవ్రత వందో వంతే మిగులుతుంది. తెర మీద అంకె 10 దగ్గరే ఉంది, ఎవరూ ఏ బటనూ నొక్కలేదు, కత్తి కాస్తా రక్తం ఆపే పనిముట్టుగా మారిపోయింది. చేయి తిరిగిన సర్జన్ ఆపరేషన్ మధ్యలో చేతిని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉండేది అందుకే. దగ్గరగా పట్టి కోస్తారు, రక్తం చెమ్మగిల్లగానే కొంచెం దూరం జరిపి ఆ నాళాన్ని మూస్తారు, మళ్లీ దగ్గరికి వస్తారు. మామూలు కత్తి చర్మానికి తగిలినట్టు చేతికి తెలుస్తుంది. కిరణం తగిలినట్టు చేతికి తెలియదు. కాబట్టి ఈ దూరం కంటితో, అలవాటుతో పట్టుబడాల్సిందే.

వంకాయ కాల్చినట్టు

ఇక సమయం. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పవర్ తగ్గించుకుని నిదానంగా చేస్తే క్షేమం అనిపిస్తుంది. చాలా సందర్భాల్లో నిజం దానికి తలకిందులు.

శరీరం 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. 60 డిగ్రీలు దాటితే కండలోని ప్రొటీన్ గుడ్డు తెల్లసొనలా తెల్లబడి గట్టిపడుతుంది. రక్తం ఆగేది అందువల్లే. 100 డిగ్రీల దగ్గర కణాల్లోని నీళ్లు మరిగి ఆవిరవుతాయి, కండ కరిగిపోయినట్టు మాయమవుతుంది. నీళ్లన్నీ అయిపోయాక కూడా కిరణం అక్కడే ఉంటే మాడి నల్లబడుతుంది. ఒకసారి మాడిందంటే ఆ నలుపు కిరణాన్ని ఇంకా ఆత్రంగా పీల్చుకుని వేడిని చుట్టుపక్కలకు పంచడం మొదలుపెడుతుంది. ఆపరేషన్ చోట మాడు కనిపిస్తోందంటే సెట్టింగ్ సరిగ్గా లేదనో, చేయి కదలడం లేదనో అర్థం.

పచ్చడి కోసం వంకాయ కాల్చేటప్పుడు మంట సన్నగా పెట్టి ఎక్కువసేపు ఉంచుతారు, వేడి లోపలికి పాకి గుజ్జంతా ఉడకాలి కాబట్టి. తొక్క మాత్రమే కాలి లోపల పచ్చిగా ఉండాలంటే పెద్ద మంట మీద అలా చూపించి తీసేయాలి. లేజర్ కోతకు కావాల్సింది ఈ రెండోది. వేడి పక్కకు పాకేలోపు పని ముగించుకుని కిరణం ఆగిపోవాలి. చర్మం మీద కార్బన్ డయాక్సైడ్ లేజర్ వాడేటప్పుడు ఆ గడువు దాదాపు ఒక మిల్లీసెకను. అందుకే ఆధునిక మిషన్లు కిరణాన్ని ఏకధారగా కాకుండా, అంతకంటే తక్కువసేపు ఉండే బలమైన దెబ్బలుగా ఇస్తాయి. రెండు దెబ్బల మధ్య చర్మం చల్లబడుతుంది. తెర మీద సగటు పవర్ ఒకటే కనిపించినా, ఏకధారగా వదిలినదానికీ దెబ్బలుగా వదిలినదానికీ గాయం మానే తీరులో బోలెడు తేడా ఉంటుంది.

మన చర్మం రంగు, మిషన్ అంకె

1983లో అమెరికాలో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ సమయం లెక్కను ఒక సూత్రంగా రాశారు. శరీరంలో ప్రతి చిన్న భాగానికీ తనలోని వేడిని వదులుకోవడానికి ఒక వ్యవధి కావాలి. సైజు సగమైతే ఆ వ్యవధి నాలుగో వంతవుతుంది. కిరణం ఆ వ్యవధికి మించకుండా ఉంటే, లక్ష్యం ఒక్కటే కాలి చుట్టుపక్కల క్షేమంగా ఉంటుంది. వెంట్రుక కుదురు పెద్దది కాబట్టి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. పచ్చబొట్టు సిరా రేణువు అతి చిన్నది, దాన్ని పగలగొట్టాలంటే నానోసెకన్లలో (సెకనులో వంద కోట్లలో ఒక వంతు) ముగియాలి. రోమాలు తీసే మిషన్‌తో పచ్చబొట్టు తీయబోతే చర్మం కాలి మచ్చ పడేది ఇందుకే.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. రోమాలు తీసే లేజర్ వెంట్రుకలోని మెలనిన్‌ను చూసి పనిచేస్తుంది. తెల్లవాళ్ల చర్మంలో మెలనిన్ తక్కువ, కిరణం నేరుగా వెంట్రుక దగ్గరికి వెళుతుంది. మన చామనఛాయ చర్మంలో పైపొరలోనే బోలెడు మెలనిన్ ఉంది. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ కిరణాన్ని తెల్లవాళ్లకు వాడే పవర్‌లోనే మన మీద వాడితే చాలా భాగం దారిలోనే ఆగిపోయి చర్మాన్ని కాలుస్తుంది. 1,064 నానోమీటర్ల కిరణాన్ని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి మన రంగుకు అది క్షేమం. 810 నానోమీటర్ల డయోడ్ అయితే పల్స్ పొడవు (ఒక్కో దెబ్బ ఉండే సమయం) పెంచి, పైచర్మాన్ని చల్లబరుస్తూ జాగ్రత్తగా వాడతారు. మన చర్మానికి ఇంకో స్వభావం కూడా ఉంది. కొంచెం కాలినా ఆ చోట నల్లమచ్చ పడి నెలల తరబడి పోదు. ముఖం మీద అలాంటి మచ్చలు మిగిలితే ఆ మనిషి పడే బాధ చిన్నది కాదు.

కాబట్టి ఎంత ఎండలో తిరుగుతున్నారు, ఈమధ్య చర్మం కమిలిందా, ఏ మందులు వాడుతున్నారు అని అడగకుండా, చెవి కిందో దవడ మూలనో చిన్న చోట పరీక్షించి చూడకుండా నేరుగా ముఖం మీద లేజర్ మొదలుపెట్టడం తప్పు. రెండు నెలల క్రితం సరిపోయిన అంకె, వేసవిలో ఎండకు నల్లబడి వచ్చిన అదే మనిషికి ఎక్కువైపోవచ్చు. పెళ్లి ముహూర్తం దగ్గర పడిందని సెషన్ల మధ్య గడువు కుదించమని, పవర్ పెంచమని అడిగేవాళ్లకు ఈ సంగతి ఓపికగా చెప్పాల్సిన బాధ్యత మిషన్ పట్టుకున్నవాళ్లదే.

కంట్లో రెండు లేజర్లు, రెండు లెక్కలు

షుగర్ ముదిరితే రెటీనాకు రక్తం సరిగ్గా అందక, బలహీనమైన కొత్త నాళాలు పుట్టి చిట్లుతాయి. రెటీనా అంచుల్లో లేజర్‌తో వందల కొద్దీ చిన్న చిన్న మచ్చలు వేస్తే ఆ భాగానికి ఆక్సిజన్ అవసరం తగ్గి, కొత్త నాళాలు వెనక్కి తగ్గుతాయి. ఇలా చేస్తే చూపు బాగా పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 1970లలోనే అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో తేలింది. ఇప్పుడు కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు వచ్చినా, పదేపదే ఆస్పత్రికి రాలేని రోగులకు ఈ లేజర్ ఇప్పటికీ పెద్ద ఆసరా.

ఈ చికిత్సలో సెట్టింగ్ మార్చడం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. రోగి గడ్డం స్టాండ్ మీద ఆనించి కూర్చుంటారు. కంటి మీద లెన్స్ పెట్టి డాక్టర్ మైక్రోస్కోపులోంచి చూస్తారు. చుక్క సైజు, సమయం ఎంచుకుని పవర్ మాత్రం తక్కువతో మొదలుపెడతారు. పెడల్ నొక్కగానే పచ్చటి మెరుపు. రెటీనా మీద ఏమీ కనిపించకపోతే కొంచెం పెంచుతారు. మళ్లీ మెరుపు. లేత బూడిద తెలుపులో చుక్క తేలిందంటే సరైన మోతాదు దొరికినట్టు. సున్నం చుక్కలా తెల్లగా తేలితే ఎక్కువైంది, వెంటనే తగ్గిస్తారు. ఈ అంకె రోగికీ రోగికీ మారడమే కాదు, ఒకే కంట్లో ఒక చోటుకూ ఇంకో చోటుకూ మారుతుంది. రెటీనా వాచినచోట ఎక్కువ కావాలి, రంగు ముదురుగా ఉన్నచోట తక్కువ చాలు. పాత పద్ధతిలో ఒక్కో దెబ్బ 100 మిల్లీసెకన్లు ఉండేది. ఇప్పుడు 20 మిల్లీసెకన్ల దెబ్బలు వరసగా ఒక అమరికలో వేసే మిషన్లు వచ్చాయి. సమయం తగ్గడంతో వేడి లోపలికి పాకడం తగ్గింది, రోగికి నొప్పి కూడా తగ్గింది.

కళ్లజోడు తీసేసే లేజర్ కథ వేరు. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఐబీఎం పరిశోధనశాలలో పనిచేసేవారు. 1981 నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను ల్యాబ్‌కు తెచ్చి, 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ కింద పెట్టారు. అతినీలలోహిత కిరణం పడినచోట గాడి నున్నగా వచ్చింది, అంచులు కాలలేదు. పోల్చి చూడటానికి 532 నానోమీటర్ల కిరణంతో చేసినచోట మాత్రం మాడిపోయింది. ఎక్సైమర్ కిరణం ఉడికించదు, అణువుల మధ్య బంధాలనే తెంపుతుంది. జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌తో కలిసి ఆయన చేసిన ఆ పని తర్వాత కోట్ల మంది కళ్లకు చేరింది.

ఇక్కడ లెక్క మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. కిరణం అరగదీసేది కార్నియాను, అంటే కంటి ముందున్న పారదర్శక పొరను. ఒక్కో దెబ్బ తీసే మందం మైక్రాన్‌లో నాలుగో వంతు. 6 మిల్లీమీటర్ల వెడల్పున కళ్లజోడు మైనస్ పవర్ ఒక డయాప్టర్ (అద్దాల పవర్ కొలత) తగ్గించాలంటే సుమారు 12 మైక్రాన్లు తీయాలి. మైనస్ 4 ఉన్నవాళ్లకు 48 మైక్రాన్లు. కార్నియా మధ్యలో మొత్తం మందం దాదాపు 540 మైక్రాన్లు అనుకుంటే, లాసిక్ అనే ఈ ఆపరేషన్‌లో పైకి లేపే పొర 110 పోగా, తీసేది 48 పోగా 382 మిగులుతాయి. ఫర్వాలేదు. అదే మైనస్ 10 ఉండి, కార్నియా 480 మైక్రాన్లే ఉన్నవాళ్లకు లెక్క వేస్తే మిగిలేది 250. అంత పల్చని కార్నియా లోపలి ఒత్తిడికి ఉబ్బిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మంచి డాక్టర్ వద్దనే చెబుతారు. డబ్బు కట్టడానికి సిద్ధపడి వచ్చిన మనిషిని ఈ లెక్క చూపించి వెనక్కి పంపే ఆస్పత్రినే నమ్మాలి.

రాయిని ముక్కలు చేయాలా, పొడి చేయాలా

కిడ్నీ రాయి దగ్గరికి మూత్రనాళం గుండా సన్నటి స్కోప్ పంపి, వెంట్రుక కంటే కొన్ని రెట్లు మందంగా ఉండే ఫైబర్‌తో లేజర్ కొడతారు. ఇక్కడ డాక్టర్ ఆడించే అంకెలు రెండు: ఒక్కో దెబ్బకు ఎన్ని జౌల్స్, సెకనుకు ఎన్ని దెబ్బలు. ఈ రెండింటినీ గుణిస్తే వాట్లు వస్తాయి. ఒక జౌల్ చొప్పున సెకనుకు పది దెబ్బలు కొడితే 10 వాట్లు. రాయి పెద్ద ముక్కలుగా విరుగుతుంది, వాటిని బుట్టలాంటి సాధనంతో పట్టి బయటికి లాగాలి. అర జౌల్ కంటే తగ్గించి సెకనుకు ఇరవై నుంచి ఎనభై దాకా దెబ్బలు కొడితే రాయి అంచులు అరిగిపోతూ సన్నటి పొడి అవుతుంది, అది మూత్రంలో కొట్టుకుపోతుంది. వాట్లు అవే ఉన్నా ఫలితం వేరు. గట్టి రాయికి ఒకటి, మెత్తటి రాయికి ఒకటి నప్పుతుంది. దెబ్బ బలంగా ఉంటే రాయి ఎగిరి వెనక్కి పోతుంది, దాన్ని తరుముతూ స్కోప్ పోవాలి. పల్స్ పొడవు పెంచితే ఆ ఎగురుడు తగ్గుతుంది. 1,940 నానోమీటర్ల దగ్గర పనిచేసే కొత్త థూలియం ఫైబర్ లేజర్‌ను నీళ్లు హోల్మియం కంటే దాదాపు నాలుగింతలు ఎక్కువగా పీల్చుకుంటాయి. పొడి చేసే పనిలో అది ముందుంటోంది.

పవర్ పెంచుకుంటూ పోతే ఇంకో చిక్కు వస్తుంది. రాయి చుట్టూ ఉన్న నీళ్లు వేడెక్కుతాయి. స్కోప్ గుండా చల్లటి సెలైన్ ధారాళంగా పారుతుంటే సరే. ఆ ధార తగ్గి 40 వాట్ల లాంటి పవర్ ఆగకుండా నడిస్తే, కిడ్నీ లోపలి ద్రవం కొద్దిసేపట్లోనే 43 డిగ్రీలు దాటి కణాలు దెబ్బతినే స్థితికి చేరవచ్చు. అందుకే పెడల్ మీద కాలు మధ్యమధ్యలో తీయాలి.

కాళ్లలో ఉబ్బిన సిరకు వేసే లెక్క చాలా సూటిగా ఉంటుంది. సిరలోకి ఫైబర్ పంపి, చుట్టూ మత్తు కలిపిన సెలైన్ నింపి, లేజర్ వెలిగించి నెమ్మదిగా వెనక్కి లాగుతారు. 7 వాట్ల దగ్గర సెకనుకు ఒక మిల్లీమీటరు లాగితే, సెంటీమీటరుకు 70 జౌల్స్ పడతాయి. సిర గోడ ముడుచుకుని మూసుకోవడానికి అది సరిపడే మోతాదు. చేయి తొందరపడి రెట్టింపు వేగంతో లాగిందంటే 35 జౌల్సే పడతాయి, సిర కొంతకాలానికి మళ్లీ తెరుచుకోవచ్చు. మరీ నిదానించినా ఇబ్బందే, పక్కనున్న నరం కాలి కాలు తిమ్మిరెక్కుతుంది. మొలల విషయానికొస్తే, లోపలి మొలలు మధ్య దశలో ఉన్నప్పుడు లేజర్ బాగా పనికొస్తుంది. ఎప్పుడూ బయటే ఉండిపోయే ముదిరిన మొలలకు మామూలు ఆపరేషన్ మేలు. బోర్డు మీద ఆ తేడా రాయరు కాబట్టి డాక్టర్‌ను అడిగే తెలుసుకోవాలి.

తలుపు మీద ఎర్రదీపం

శక్తిమంతమైన ఈ లేజర్లన్నీ నాలుగో తరగతి కిందికి వస్తాయి. అంటే నేరుగా పడినా, మెరిసే పనిముట్టు మీద పడి తిరిగొచ్చినా కంటికి హాని చేస్తాయి. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ అద్దాలు పెట్టుకోవాలి. ఏ అద్దాలైనా సరిపోవు. ఫ్రేమ్ మీద ఏ తరంగదైర్ఘ్యానికి పనికొస్తాయో అచ్చు వేసి ఉంటుంది, అది మిషన్‌తో సరిపోవాలి. కార్బన్ డయాక్సైడ్ కిరణాన్ని తెల్లటి పాలీకార్బొనేట్ అద్దాలే ఆపేస్తాయి. అవే పెట్టుకుని 1,064 దగ్గరికి వెళితే కిరణం అడ్డు లేకుండా కంట్లోకి దూరుతుంది. కంటికి కనిపించని కిరణం, నొప్పి తెలియని రెటీనా. చూపులో నల్లచుక్క మిగిలాకే తెలుస్తుంది.

గొంతు ఆపరేషన్లలో అన్నిటికంటే భయపెట్టేది మంట. శ్వాసనాళంలో ప్లాస్టిక్ గొట్టం, దాని గుండా ఆక్సిజన్, పక్కనే కార్బన్ డయాక్సైడ్ లేజర్. గొట్టానికి కిరణం తగిలితే క్షణంలో అంటుకుంటుంది. అందుకే మత్తు డాక్టర్ ఆక్సిజన్‌ను 30 శాతానికి మించనివ్వరు, లేజర్‌ను తట్టుకునే గొట్టం వాడతారు, దాని బుడగలో గాలికి బదులు నీలం రంగు కలిపిన సెలైన్ నింపుతారు. కిరణం తగిలి బుడగ పగిలితే నీలం బయటికొచ్చి హెచ్చరిస్తుంది, ఆ నీళ్లే మంటను అడ్డుకుంటాయి. చుట్టూ తడిపిన గాజుగుడ్డ పరుస్తారు. సర్జన్, మత్తు డాక్టర్, సిస్టర్ ఒకరి మాట ఒకరు వింటూ చేయాల్సిన పని ఇది. కిరణం వాడని ప్రతి నిమిషం మిషన్ స్టాండ్‌బైలోనే ఉండాలి. కాటరీ (విద్యుత్ వేడితో రక్తం ఆపే పనిముట్టు) పెడల్ అనుకుని లేజర్ పెడల్ తొక్కితే జరిగేదాన్ని వెనక్కి తీసుకోలేరు.

ఈ అంకెలన్నీ ఆపరేషన్ అయ్యాక కూడా అవసరమే, అందుకే కేస్ షీట్‌లో, డిశ్చార్జ్ కాగితంలో రాసి ఇవ్వాలి. లేజర్ చేశాం అని ఒక్క మాట రాసి వదిలేస్తే తర్వాత చూసే డాక్టర్‌కు ఏమీ తెలియదు. షుగర్ వల్ల ఒకసారి రెటీనా లేజర్ చేయించుకున్న మనిషి ఏడాది తర్వాత మరో ఊళ్లో మరో డాక్టర్ దగ్గరికి వెళ్లారనుకుందాం. కాగితం మీద 532 నానోమీటర్లు, 200 మైక్రాన్లు, 20 మిల్లీసెకన్లు, 350 మిల్లీవాట్లు అని రాసి ఉంది. ఈలోపు ఆ మనిషికి శుక్లం తీసి కొత్త లెన్స్ పెట్టారు. మసకబారిన లెన్స్ లోంచి వెళ్లాల్సి వచ్చినప్పుడు కావాల్సిన 350, ఇప్పుడు తేటగా ఉన్న కంట్లోంచి ఎక్కువ బలంతో దిగుతుంది. కాగితం చదివిన డాక్టర్ పవర్ నాబ్‌ను 200 దగ్గరికి తిప్పి, మొదటి చుక్క వేసి, రెటీనా ఏ రంగుకు మారుతుందో చూస్తారు.